మెగావాట్లు సరే, యూనిట్ల మాటేమిటి?

దిల్లీ ఆర్.కె. పురం సెక్టార్ 1లో సేవా భవన్ అనే ప్రభుత్వ భవనం ఉంది. మన ఊళ్లలో ఆ పేరు విన్నవారు తక్కువ. కానీ దేశంలో ఏ మూల ఎంత కరెంటు పుట్టింది, ఏ థర్మల్ కేంద్రం దగ్గర ఎన్ని రోజులకు సరిపడా బొగ్గుంది, ఏ రాష్ట్రం ఎంత కొరత చూసింది అన్న లెక్కలు తేలేది అక్కడే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ (సీఈఏ) ఆ భవనం నుంచే పనిచేస్తుంది. 1948 నాటి విద్యుత్ సరఫరా చట్టం కింద పుట్టి, 1975లో పూర్తికాలపు సంస్థగా మారి, ఇప్పుడు 2003 విద్యుత్ చట్టం కింద కొనసాగుతోంది. ఐదేళ్లకోసారి జాతీయ విద్యుత్ ప్రణాళిక తయారుచేసేదీ ఇదే. ఏసీలు, ఫ్రిజ్‌ల మీద నక్షత్రాల గుర్తులు వేయించే ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) కూడా అదే భవనంలో ఉంది. 2001 ఇంధన పొదుపు చట్టం ప్రకారం అది 2002 మార్చి 1న ఏర్పాటైంది.

స్వచ్ఛ విద్యుత్తులో దేశం ఎంత ముందుకు వెళ్లిందో కొలవడానికి ఈ భవనంలో రెండు కొలబద్దలున్నాయి. ఒకటి మెగావాట్లది, అంటే స్థాపిత సామర్థ్యానిది. రెండోది యూనిట్లది, అంటే నిజంగా పుట్టి, వాడకంలోకి వచ్చిన కరెంటుది. పతాక శీర్షికలకు ఎక్కేది మొదటిది. జనం బిల్లునూ, పీల్చే గాలినీ, రాష్ట్రం స్వయంసమృద్ధినీ తేల్చేది రెండోది. తెలుగు రాష్ట్రాలు భారీ లక్ష్యాలు ప్రకటించుకున్న ఈ సమయంలో రెండో కొలబద్దను చేతికి తీసుకోవాలి.

సగం దాటిన సంబరం

2015 పారిస్ ఒప్పందం సందర్భంగా, 2030 నాటికి స్థాపిత సామర్థ్యంలో 40 శాతం బొగ్గు, గ్యాస్, డీజిల్ కాని వనరులదే ఉంటుందని భారత్ మాట ఇచ్చింది. 2021లోనే దాన్ని చేరుకుంది. 2022 ఆగస్టులో ఆ లక్ష్యాన్ని 50 శాతానికి పెంచింది. అదీ ఐదేళ్ల ముందే నెరవేరింది. 2025 జూన్ 30 నాటికి దేశ స్థాపిత సామర్థ్యం 484.8 గిగావాట్లు కాగా, అందులో 242.8 గిగావాట్లు శిలాజేతర వనరులవి. అంటే 50.08 శాతం. ఇది చిన్న విజయం కాదు. పదేళ్ల కింద ఖరీదైన ప్రయోగంలా చూసిన సౌర విద్యుత్తు, ఇవాళ కొత్త బొగ్గు కేంద్రం కన్నా చవగ్గా దొరుకుతోంది.

యూనిట్ల వైపు చూస్తే చిత్రం మారుతుంది. 2024 మార్చి నాటికి శిలాజేతర సామర్థ్యం సుమారు 45 శాతం. ఆ నెలతో ముగిసిన 2023-24లో దేశంలో ఉత్పత్తైన విద్యుత్తులో ఆ వనరుల వాటా నాలుగింట ఒక వంతు కూడా లేదు. దాదాపు మూడు వంతులు బొగ్గు నుంచే వచ్చింది. కారణం అందరికీ తెలిసిందే. ఎండ పగలే కాస్తుంది, గాలి రుతువును బట్టి వీస్తుంది. ఒక మెగావాట్ సౌర ఫలకాలు ఏడాదికి సుమారు 16 నుంచి 18 లక్షల యూనిట్లు ఇస్తే, ఒక మెగావాట్ బొగ్గు కేంద్రం 2023-24లో నడిచిన తీరున దాదాపు 60 లక్షల యూనిట్లు ఇచ్చింది. గాదె ఎంత పెద్దదో చెబితే ఇంట్లో ధాన్యం ఎంతుందో తెలియదు. మెగావాట్ల లెక్కా అంతే.

సీఈఏ ఏటా ప్రచురించే మరో అంకె ఇంకా నిక్కచ్చిగా మాట్లాడుతుంది. గ్రిడ్‌లో ఒక్కో యూనిట్‌కు ఎంత బొగ్గుపులుసు వాయువు వెలువడుతోందో అది చెబుతుంది. 2022-23లో సగటున 716 గ్రాములున్నది 2023-24లో 727 గ్రాములకు పెరిగింది. సౌర, పవన సామర్థ్యం పెరుగుతూ ఉన్నా ఇలా జరిగిందంటే, ఆ ఏడాది వానలు ముఖం చాటేయడం ఒక ప్రధాన కారణం. జలవిద్యుత్తు 16,200 కోట్ల యూనిట్ల నుంచి 13,400 కోట్లకు పడిపోయింది. టర్బైన్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, మెగావాట్లు తగ్గలేదు. తగ్గింది నీరు. ఆ వానాకాలంలో శ్రీశైలం జలాశయం నిండక కృష్ణా ఆయకట్టు రైతులు పడ్డ పాట్లు మనం మరిచిపోలేదు. ఆ లోటును పూడ్చింది బొగ్గే.

గోదావరి జిల్లాల అనుభవం

మెగావాట్లు ఉండీ యూనిట్లు లేని పరిస్థితి ఎలా ఉంటుందో తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాస్ పడిందన్న ఉత్సాహంతో వేమగిరి, జేగురుపాడు, కొండపల్లి వంటి చోట్ల గ్యాస్ ఆధారిత కేంద్రాలు వెలిశాయి. 2009 ఏప్రిల్‌లో డీ6 క్షేత్రం నుంచి గ్యాస్ మొదలైంది. కొన్నేళ్లకే ఉత్పత్తి కుప్పకూలి, 2013 మార్చి నుంచి ఆ గ్యాస్ విద్యుత్ కేంద్రాలకు అందకుండా పోయింది. పక్కనే గ్యాస్ బావులున్న నేల మీద కేంద్రాలు మూతపడి, బ్యాంకుల రుణాలు మొండి బకాయిలయ్యాయి. అయినా చాలా ఏళ్లు ఆ సామర్థ్యం అంకెల్లో అలాగే నిలిచింది.

సౌర, పవన విద్యుత్తుకూ ఇలాంటి గండం ఒకసారి వచ్చింది. 2017 నాటికి కర్నూలు జిల్లాలో 1,000 మెగావాట్ల సౌర పార్కు పూర్తయింది. అనంతపురం కొండల మీద గాలిమరలు బారులు తీరాయి. 2019 జులైలో రాష్ట్ర ప్రభుత్వం పాత కొనుగోలు ఒప్పందాల ధరలు ఎక్కువగా ఉన్నాయంటూ వాటిని తగ్గించేందుకు ఉన్నతస్థాయి కమిటీ వేసింది. తమ కరెంటును పూర్తిగా తీసుకోవడం లేదని ఉత్పత్తిదారులు కోర్టుకెక్కారు. తాత్కాలికంగా పవన విద్యుత్తుకు యూనిట్‌కు 2.43 రూపాయలు, సౌర విద్యుత్తుకు 2.44 రూపాయలు ఇవ్వాలని హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం చెప్పింది. 2022 మార్చి 15న ద్విసభ్య ధర్మాసనం ఒప్పందంలోని ధరే చెల్లించాలని, బకాయిలు ఆరు వారాల్లో తీర్చాలని తీర్పునిచ్చింది. ధరల మీద ప్రభుత్వానికి అభ్యంతరం ఉండొచ్చు. కానీ ఒప్పందం మీద నమ్మకం సడలితే కొత్త పెట్టుబడిదారు ఆ భయాన్నీ ధరలో కలుపుతాడు. చివరికి ఆ భారం మోసేది వినియోగదారుడే.

రాత్రి కరెంటుకు నిల్వే ఆధారం

పగటి ఎండను సాయంత్రం దీపాల వేళకు దాచిపెట్టడమే ఇప్పుడు అసలు సమస్య. సీఈఏ 2023 ఏప్రిల్‌లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2030 నాటికి దేశానికి 41,650 మెగావాట్ల బ్యాటరీ నిల్వ, 18,986 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కావాలి. ఆ నివేదిక వచ్చేనాటికి దేశమంతటా ఉన్న పంప్డ్ స్టోరేజీ 4,745 మెగావాట్లు. అందులోనూ కొన్ని కేంద్రాలు నీటిని వెనక్కి ఎత్తిపోసే పని చేయడం లేదు.

ఈ లెక్కలో తెలుగు నేలకు ప్రత్యేక స్థానం ఉంది. ఆ 4,745 మెగావాట్లలో మూడో వంతు మన దగ్గరే ఉంది. శ్రీశైలం ఎడమగట్టున 900 మెగావాట్లు, నాగార్జునసాగర్‌లో సుమారు 705 మెగావాట్లు నీటిని దించి కరెంటు తీయడానికీ, మిగులు కరెంటుతో మళ్లీ పైకి ఎత్తిపోయడానికీ వీలుగా కట్టినవే. సౌర విద్యుత్తు పేరైనా వినిపించని రోజుల్లోనే మన ఇంజినీర్లు చూపిన దూరదృష్టి ఇది. కానీ రాష్ట్ర విభజన తర్వాత ఈ టర్బైన్లు నీటి తగాదాలో చిక్కుకున్నాయి. 2021 జులైలో శ్రీశైలంలో తెలంగాణ విద్యుదుత్పత్తి మీద ఆంధ్రప్రదేశ్ అభ్యంతరం చెప్పడం, డ్యాముల దగ్గర పోలీసులు మోహరించడం చూశాం. కిందికి వదిలిన నీటిని పగటి సౌర విద్యుత్తుతో తిరిగి పైకి ఎత్తిపోస్తే ఏ రాష్ట్రం వాటా నీళ్లూ పోవు. దిగువన తగినంత నీరు నిలిపి ఉంచడం, ఎప్పుడు దించాలి, ఎప్పుడు ఎత్తాలి అన్నది ముందే రాసుకోవడం మాత్రమే కావాలి. కృష్ణా నదీ యాజమాన్య బోర్డు సమక్షంలో ఇద్దరు ఇంధన శాఖ మంత్రులు కూర్చుని తేల్చుకోగల విషయమిది. కొత్త డ్యాము కట్టనక్కరలేదు, కొత్త భూమి సేకరించనక్కరలేదు.

కొత్తవీ వస్తున్నాయి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో నదికి ఎడంగా, రెండు జలాశయాల మధ్య అదే నీటిని తిప్పే 1,680 మెగావాట్ల పథకాన్ని చేపట్టారు. ఎగువ సీలేరులో 1,350 మెగావాట్లకు జెన్‌కో సిద్ధమవుతోంది. సీలేరు వంటి మన్యం ప్రాంతాల్లో పీసా చట్టం ప్రకారం గ్రామసభల మాట విన్న తర్వాతే అడుగు వేయాలి. స్వచ్ఛ విద్యుత్తు పేరుతో గిరిజనుల నేల చేజారితే ఆ స్వచ్ఛతకు అర్థం ఉండదు.

స్వయంసమృద్ధి అంటే ఏమిటి?

2021 ఆగస్టు 15న ఎర్రకోట నుంచి ప్రధాని, స్వాతంత్ర్యానికి నూరేళ్లు నిండే 2047 నాటికి దేశం ఇంధన స్వావలంబన సాధించాలని ప్రకటించారు. రాష్ట్రాల స్థాయిలో ఆ మాటకు అర్థం ఏమిటో విభజన మనకు నేర్పింది. 2014లో వాడకాన్ని బట్టి తెలంగాణకు 53.89 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 46.11 శాతం విద్యుత్తు పంచారు. ఆ ఏడాది తెలంగాణ తీవ్రమైన కొరత చవిచూసింది. అంతకు కొద్ది నెలల ముందే, 2013 డిసెంబరు 31న, రాయచూరు-షోలాపూర్ లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. ఇరుగుపొరుగుతో ఇచ్చిపుచ్చుకునే తీగలు బలంగా ఉండడమూ స్వయంసమృద్ధిలో భాగమే.

సింగరేణి బొగ్గు తెలంగాణకు పెట్టని కోట. దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం మీద రాష్ట్రం పెద్ద ఆశలు పెట్టుకుంది. అదే రాష్ట్రం 2025 జనవరిలో, 2030 నాటికి 20,000 మెగావాట్ల పునరుత్పాదక విద్యుత్తును అదనంగా జోడిస్తామంటూ కొత్త విధానం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2024 అక్టోబరులో ప్రకటించిన సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం 160 గిగావాట్లకు పైగా లక్ష్యం పెట్టుకుంది. ఇందులో చాలా భాగం బయటి రాష్ట్రాలకు అమ్మేందుకు, హరిత హైడ్రోజన్ తయారీకి ఉద్దేశించింది. మరి ఆ ఫలకాల్లోని సెల్స్, బ్యాటరీల్లోని ముడిసరుకు ఎక్కడివి? నేటికీ అధిక భాగం చైనా నుంచి వస్తున్నాయి. మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా చేపట్టిన లిథియం సెల్ కర్మాగారం వంటివి నిలదొక్కుకుంటేనే, ఒక దిగుమతి నుంచి మరో దిగుమతికి మారామన్న మాట పడకుండా ఉంటాం.

మన దగ్గర మరో బలం ఉంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణ సాగుకు 24 గంటల ఉచిత విద్యుత్తు ఇస్తోంది. ఆంధ్రప్రదేశ్ పగటిపూట తొమ్మిది గంటల సరఫరా విధానం తెచ్చింది. 2025 మార్చిలో తెలంగాణ గరిష్ఠ డిమాండ్ 17 వేల మెగావాట్లు దాటడానికి యాసంగి వరి బోర్లే ముఖ్య కారణం. ఈ బోర్లను, ఎత్తిపోతల పంపులను ఎండ కాసే వేళలోనే నడిపితే నిల్వ ఖర్చు లేకుండానే సౌర విద్యుత్తు పొలానికి చేరుతుంది. పాము భయం, షాక్ భయం లేకుండా రైతు రాత్రి ఇంట్లో నిద్రపోతాడు. వ్యవసాయ ఫీడర్లన్నిటినీ వేరుచేసి, సబ్‌స్టేషన్ల పక్కనే చిన్న సౌర కేంద్రాలు పెట్టడం ఇందుకు దగ్గరి దారి.

ఏం అడగాలి?

యూనిట్ల కొలబద్దకు చట్టం దన్ను ఇప్పటికే ఉంది. 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి, 2023 అక్టోబరులో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, డిస్కంలు సరఫరా చేసే కరెంటులో పునరుత్పాదక వాటా 2024-25లో 29.91 శాతం, 2029-30 నాటికి 43.33 శాతం ఉండాలి. ఇది మెగావాట్ల లెక్క కాదు, వాడకపు లెక్క. దీని అమలును చూసే బాధ్యత బీఈఈది. ఐరోపా కూటమి 2030కి పెట్టుకున్న 42.5 శాతం లక్ష్యం కూడా మొత్తం ఇంధన వాడకం మీదే లెక్క కట్టింది.

కాబట్టి రెండు రాష్ట్రాల డిస్కంలు ప్రతి నెలా నాలుగు అంకెలు తెలుగులో, అందరికీ అర్థమయ్యేలా ప్రకటించాలి. సరఫరా చేసిన యూనిట్లలో స్వచ్ఛ విద్యుత్తు ఎంత? సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఆ వాటా ఎంత? గ్రిడ్ తీసుకోలేక వదిలేసిన సౌర, పవన యూనిట్లు ఎన్ని? ఉత్పత్తిదారులకు చెల్లించాల్సిన బకాయి ఎంత? ఇవి తెలిస్తే ఏ ప్రభుత్వం లక్ష్యం వైపు నడుస్తోందో, ఏది ప్రకటనల దగ్గరే ఆగిందో ఎవరూ వాదించుకోనక్కరలేదు.

ఏటా చార్జీల ఖరారుకు ముందు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండళ్లు బహిరంగ విచారణ జరుపుతాయి. యూనిట్ ధర ఎంత పెరుగుతుందని అక్కడ అందరూ అడుగుతారు. ఆ యూనిట్ ఎక్కడ పుట్టింది, ఏ వేళ పుట్టింది, దేన్ని కాల్చి పుట్టింది అని కూడా అడిగే హక్కు రైతు సంఘాలకు, వినియోగదారులకు, విద్యార్థులకు ఉంది. వచ్చే విచారణలో ఆ ప్రశ్న రాతపూర్వకంగా దాఖలైతే జవాబు ఇవ్వాల్సిన బాధ్యత డిస్కంలదే.