కంబుజ శిల్పి విన్న భారతం

కాంబోడియా యాత్ర అనగానే మనవారి నోట ముందుగా వచ్చే పేరు అంకోర్‌వాట్. అది సహజమే. పన్నెండవ శతాబ్దంలో రెండవ సూర్యవర్మ శ్రీమహావిష్ణువుకు సమర్పించిన ఆ మహాలయం ముందు నిలబడినవారికి కొంతసేపు మాట పెగలదు. కానీ పురాణాలు విని పెరిగిన కుటుంబాలవారికి ఆ దేశంలో ఒక్క ఆలయాన్ని మాత్రమే తీరికగా చూసే వ్యవధి ఉంటే, అది అక్కడికి ఈశాన్యంగా సుమారు పాతిక కిలోమీటర్ల దూరాన ఉన్న ఒక చిన్న శివాలయం కావాలని నా అభిప్రాయం. నేడు దానిని బంటేయ్ స్రేయ్ అంటారు. ఖ్మేర్ భాషలో బంటేయ్ అంటే కోట. స్రేయ్ అంటే స్త్రీ. మనకు తెలిసిన సంస్కృత పదమే వారి నాలుకపై అలా మారింది. ఇది తరువాతి కాలపు జనం పెట్టుకున్న పేరు. ప్రతిష్ఠ నాటికి స్వామి నామం త్రిభువనమహేశ్వరుడు, ఊరి పేరు ఈశ్వరపురం.

క్రీ.శ. 967 ఏప్రిల్ 22న ఇక్కడ ప్రతిష్ఠ జరిగినట్లు సంస్కృత శాసనం చెబుతోంది. అంకోర్ ప్రాంతపు పెద్ద ఆలయాలన్నీ రాజులు కట్టించినవైతే, దీనిని కట్టించినది ఒక పండితుడు. ఆయన పేరు యజ్ఞవరాహుడు. మొదటి హర్షవర్మకు మనుమడు, రాజేంద్రవర్మకు మంత్రి, అనంతరం రాజ్యానికి వచ్చిన ఐదవ జయవర్మకు గురువు. ఈ కార్యంలో తమ్ముడు విష్ణుకుమారుడు ఆయనకు తోడు నిలిచాడు. రోగులను, అన్యాయానికి గురైనవారిని, పేదలను ఆదుకున్న మహనీయుడని శాసనం ఆయనను కీర్తిస్తుంది. మన పాలంపేటలో 1213లో రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు కూడా రాజు కాడు, గణపతిదేవుని సేనాని. ఎర్రని ఇసుకరాయి ఆ గుడిలోనూ ఉంది, ఈ గుడిలోనూ ఉంది. రెండు ఆలయాలకూ వేరే సంబంధం ఏదీ లేదు. అయినా తెలుగువారికి బంటేయ్ స్రేయ్ చూడగానే రామప్ప మనసులో మెదలక మానదు.

గుడి చాలా చిన్నది. ప్రధాన గర్భాలయం పది మీటర్ల ఎత్తుకు మించదు. దాని ద్వారం నిలువెత్తు మనిషికి ఛాతీ వరకు వస్తుందేమో! లోపలి వేదికపైకి ఎక్కనీయకుండా తాడు కట్టి ఉంటారు. యాత్రాబృందాలకు ఇక్కడ సాధారణంగా ఇచ్చే సమయం అరగంట. ఆ అరగంటలో గులాబీ రంగు రాయి, సన్నని లతలు, ద్వారాల పక్కన నిలిచిన దేవతామూర్తులు కనిపిస్తాయి. మొదటి దర్శనానికి అది చాలును. రెండవసారి వెళ్లినప్పుడు ఒక ఉదయమంతా అక్కడే గడిపే అవకాశం నాకు కలిగింది. అప్పుడు కనిపించినవి లతలు కావు, కథలు. ద్వారాల పైన ఉన్న త్రికోణాకార ఫలకాలలో ఒక్కొక్కటి ఒక్కొక్క పురాణఘట్టం.

వేదిక ముందర ఇరువైపులా రెండు చిన్న మందిరాలున్నాయి. వాటిని గ్రంథాలయాలని వ్యవహరిస్తున్నారు. దక్షిణపు మందిరం తూర్పు ముఖాన రావణుడు కైలాసాన్ని పెకలిస్తున్న ఘట్టం ఉంది. ఎల్లోరా కైలాసనాథాలయంలో ఇదే కథను చూసినవారికి తేడా వెంటనే తెలుస్తుంది. అక్కడ కొండ కింది చీకటి గుహలో చిక్కిన రావణుని బలం మన కంటిని లాగుతుంది. ఇక్కడ కంబుజ శిల్పి కైలాసాన్ని మెట్లు మెట్లుగా పేర్చాడు. అట్టడుగున దశకంఠుడు, ఆపైన బెదిరి పరుగెత్తే మృగాలు, ఆపైన జంతుముఖాలు గల ప్రమథులు, ఆపైన మునులు, శిఖరాన పరమేశ్వరుడు, భయంతో ఆయనను హత్తుకున్న పార్వతి. కింది నుంచి పైకి ఒక్కొక్క మెట్టూ చూస్తూ పోతే కలవరం క్రమంగా సన్నగిల్లి, స్వామి దగ్గరకు చేరేసరికి పూర్తిగా అణగిపోతుంది. ఒక్క బొటనవేలితో ఆయన కొండను అదిమినాడని మనం కథలో వింటాం. ఆ మాటలోని నిబ్బరాన్ని శిల్పి ఇలా చూపించాడు.

అదే మందిరం పడమటి ముఖాన మన్మథుడు చెరకువిల్లు ఎక్కుపెట్టి ఉన్నాడు. స్వామి పక్కనే ఉమాదేవి. ఇంకొక క్షణంలో ఏమి జరుగుతుందో శిల్పి చెక్కలేదు. చూసేవారికి ఆ సంగతి తెలుసునని అతనికి తెలుసు. ఈ నమ్మకమే ఈ ఆలయంలోని శిల్పాలన్నింటికీ ఆధారం. కథ తెలియనివారికి అవి అందమైన బొమ్మలు, తెలిసినవారికి ఊపిరి బిగబట్టించే ఘట్టాలు.

ఉత్తరపు మందిరం తూర్పు ముఖాన నేను ఎక్కువసేపు నిలిచిపోయాను. అక్కడిది ఖాండవదహనమని పండితులలో చాలామంది అభిప్రాయం. పైన మూడు తలల ఐరావతంపై దేవేంద్రుడు. అతడు కురిపించే వాన ఏటవాలు గీతలుగా దిగుతోంది. ఆ వానను అడ్డుకుంటూ కింద బాణాల కప్పు. ఇరుపక్కల రథాలపై కృష్ణార్జునులు. నడుమ అడవి, చెట్ల సందుల్లో మృగాలు, మబ్బుల్లో తలెత్తిన నాగుడు. రాతిలో వానను చెక్కాలనే ఆలోచన రావడమే గొప్ప. అంతకంటె గొప్ప విషయం మరొకటుంది. వాన కురిపిస్తున్నది తండ్రి, దానిని బాణాలతో ఆపుతున్నది కొడుకు. అగ్నికిచ్చిన మాట కోసం అర్జునుడు తండ్రికే ఎదురు నిలిచాడు. ఆ ధర్మసంకటాన్ని శిల్పి ఒక్క మాటా లేకుండా, పైనుంచి దిగే గీతలతోను, కిందినుంచి లేచే గీతలతోను చెప్పేశాడు.

ఈ సందర్భంలో తెలుగువారు తలచుకోవలసిన సంగతి ఒకటుంది. ఖాండవదహనం ఆదిపర్వంలోని కథ. సుందోపసుందుల కథ కూడా ఆదిపర్వంలోనిదే. ద్రౌపది కారణంగా అన్నదమ్ములు కలహించుకోకూడదని నారదుడు పాండవులకు చెప్పిన కథ అది. ఆ రెండు కథలూ ఈ చిన్న గుడిలో చెక్కబడినాయి. రాజరాజ నరేంద్రుని కోరికపై నన్నయభట్టు రాజమహేంద్రవరంలో ఆదిపర్వాన్ని తెనిగించడానికి అర్ధశతాబ్దం కంటె ముందే సముద్రాల ఆవల ఒక శిల్పి ఆ కథలను తన రాతిలోకి దించుకున్నాడు. మనకు అవి తెలుగులో అందకముందే వారికి శిల్పంలో అందాయి. ఇందులో చిన్నతనమేమీ లేదు, ఆనందించవలసినదే ఉంది. కంబుజదేశంలో భారతశ్రవణం అప్పటికే ఎంతో పాతది. వియల్ కంటేల్ అనే చోట దొరికిన, సుమారు క్రీ.శ. 600 నాటి శాసనంలో, సోమశర్మ అనే విప్రుడు రామాయణాన్ని, పురాణాన్ని, సమగ్ర భారతాన్ని ఆలయానికి సమర్పించి నిత్యపఠనం జరిగేలా ఏర్పాటు చేసినట్లుంది. ఈ గుడి కట్టేనాటికి వారు మూడున్నర శతాబ్దాలకు పైగా భారతం వింటున్న జాతి. అంతకాలం వింటే తప్ప ఉలి అలా నడవదు.

ఆ ఉదయం మా బృందంలోని ఒక పెద్దావిడ రావణుని ఫలకం ముందు నిలబడి, వెంట వచ్చిన మనుమరాలికి కథ చెప్పసాగారు. స్థానికుడైన గైడు కొంతసేపు విని, మెల్లగా నవ్వి, "మామ్మగారు చెప్పేది క్రోంగ్ రీప్ కథేనా?" అని నన్ను ఇంగ్లీషులో అడిగాడు. రావణుని వారు అలాగే పిలుస్తారు. వారి రామాయణం పేరు రియామ్‌కేర్, అంటే రామకీర్తి. రాముడు ప్రేయా రీమ్, సీత నేయాంగ్ సేడా, హనుమంతుడు మాత్రం హనుమానే. ఈ మాటలు తెలుగులో చెప్పగానే ఆవిడ, "అయితే ఈ అబ్బాయికీ తెలుసన్నమాట! ఏం నాయనా, మీ అమ్మ చెప్పిందా?" అని అడిగారు. నాట్యంలో చూశానని అతడు బదులిచ్చాడు. ఆ తరువాత ఒక అరగంట ఇద్దరూ ఒకరి కథ ఒకరికి చెప్పుకున్నారు. మధ్యలో అనువాదం చేయడమే నా పని.

ఈ ముచ్చట చెప్పడానికి కారణముంది. కాంబోడియా వెళ్లివచ్చిన మనవారిలో కొందరు "అవన్నీ మనవాళ్లు కట్టినవే" అంటూ ఉంటారు. భక్తితో అనే మాటే అయినా అది సత్యం కాదు. ఏ భారతీయ రాజూ కంబుజదేశాన్ని జయించి గుళ్లు కట్టించినట్లు చరిత్రలో లేదు. అక్కడి రాజులు, పండితులు మన శాస్త్రాలను తామే కోరి నేర్చుకున్నారు. రాయి వారిది, ఉలి వారిది, ఊహ వారిది. లోపలి తూర్పు గోపురద్వారం పైన నటరాజు పాదాల చెంత బక్కచిక్కిన స్త్రీమూర్తి ఒకటుంది. అరవై ముగ్గురు నాయనార్లలో ఒకరైన కారైక్కాల్ అమ్మయార్‌గా పండితులు ఆమెను గుర్తించారు. తమిళనాట పుట్టిన భక్తురాలి కథ అంతదూరం చేరి, అక్కడి శిల్పి గుండెలో చోటు సంపాదించుకుంది. మనవారు కట్టారని చెప్పుకోవడం కంటె, మన కథను వారు అంతగా ప్రేమించారని తెలుసుకోవడమే నాకు ఎక్కువ ఆనందం కలిగిస్తుంది.

దీపం వెలగని గుడిలో నమస్కారమెందుకని అడిగేవారూ ఉన్నారు. అది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. ఆగమం ప్రకారం పూజ లేని చోట సాన్నిధ్యం ఉండదనే మాట మన పెద్దలదే. అయితే అంకోర్‌వాట్ పడమటి ద్వారంలో నిలిచిన ఎనిమిది చేతుల విష్ణుమూర్తికి బౌద్ధులైన స్థానికులు నేటికీ అగరువత్తులు వెలిగించి మొక్కుకుంటున్నారు. బంటేయ్ స్రేయ్‌లో అటువంటి నిత్యపూజ లేకపోయినా, శివకథను వినిపించే శిల్పం ముందు చేయెత్తి మొక్కడానికి ఏ శాస్త్రమూ అడ్డు చెప్పదని నేననుకుంటాను.

ఈ శిల్పాలు మనకు దక్కడమే విశేషం. 1923లో ఆంద్రే మాల్‌రో అనే ఇరవై రెండేళ్ల ఫ్రెంచి యువకుడు ఇక్కడి దేవతామూర్తులను గోడల నుంచి పెళ్లగించి తరలిస్తూ నాంపెన్‌లో పట్టుబడ్డాడు. ఆ రాళ్లు తిరిగి గుడికి చేరాయి. ఆ యువకుడే తరువాత ప్రసిద్ధ రచయిత అయి, ఫ్రాన్స్‌కు సాంస్కృతిక మంత్రిగానూ పనిచేశాడు! 1931 నుంచి 1936 వరకు ఆన్రీ మార్షల్ పర్యవేక్షణలో, కూలిన రాళ్లను వేటి చోట వాటిని తిరిగి పేర్చి ఆలయాన్ని నిలబెట్టారు. అన్నీ ఇక్కడే లేవు. సుందోపసుందులు తిలోత్తమను చెరొకవైపు లాగుతున్న ఫలకం పారిస్‌లోని గిమే మ్యూజియంలోను, భీమదుర్యోధనుల గదాయుద్ధం నాంపెన్ జాతీయ మ్యూజియంలోను ఉన్నాయి. కో కేర్ అనే మరొక పాత రాజధానిలో ఇదే గదాయుద్ధాన్ని నిలువెత్తు విగ్రహాలుగా మలిచారు. అంతర్యుద్ధపు రోజుల్లో దొంగలు వాటిని నరికి ఎత్తుకుపోగా పాదాలు మాత్రం పీఠాలపై మిగిలాయి. అమెరికా చేరిన ఆ భీముడు, దుర్యోధనుడు 2014లో స్వదేశానికి తిరిగివచ్చారు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం కూడా 14 ఖ్మేర్ శిల్పాలను తిరిగి ఇస్తామని 2023 డిసెంబరులో ప్రకటించింది. పురాతన విగ్రహమంటూ ఎవరైనా బజారులో చూపితే, అది నకిలీ కావచ్చు, నిజంగా పాతదైతే ఏదో ఒక గుడిని ఖాళీ చేసి తెచ్చినదే కావచ్చు. పూజగదికి తెచ్చుకోదగినది మాత్రం కాదు.

అక్కడ అంత కష్టపడి నిలబెట్టుకున్న శిల్పాలను తలచుకున్నప్పుడు మన ఊరి గుడి స్తంభాలు గుర్తుకు రాక తప్పదు. జీర్ణోద్ధరణ పేరుతో వాటిపై సున్నం కొట్టిస్తాం, ఎనామిల్ రంగులు పూయిస్తాం, ద్వారపాలకుని భుజంలోనే మేకు దిగగొట్టి ట్యూబులైటు బిగిస్తాం. దాతల పేర్ల పలకలు అతికించడానికి మండపం గోడలు చాలవు. నాలుగు పూతల రంగు కింద ఉన్నది నరసింహుడో, వరాహస్వామియో అర్చకస్వామికే ఆనవాలు దొరకని స్తంభాలు నేను చూశాను. మూలవిరాట్టు దర్శనం కోసం గంటల తరబడి క్యూలో నిలబడతాం కదా, ఆ సమయంలో పక్కనున్న స్తంభంపై ఏ కథ ఉందో పిల్లలకు చూపించే పెద్దలు ఎందరు? స్థపతుల సలహా లేకుండా శిల్పంపై రంగు వేయరాదని ఆలయ కమిటీలు తీర్మానించుకుంటే అందుకు ఖర్చేమీ లేదు.

కాంబోడియా వెళ్లదలచినవారికి చివరగా రెండు మాటలు. ఆలయం తూర్పు ముఖమైనది కనుక ఉదయమే చేరుకోవాలి. ఎండ ఏటవాలుగా పడే ఆ వేళలోనే రాతిలోని నీడలు తేలి కనిపిస్తాయి. అంకోర్ క్షేత్రాలకు తీసుకున్న టిక్కెట్టే దీనికీ చెల్లుతుంది. బయలుదేరడానికి ఒక వారం ముందుగా ఇంట్లో ఆదిపర్వం తెరిచి ఖాండవదహనం, సుందోపసుందుల కథ, భాగవతంలో కంసవధ, కిష్కింధలో వాలిసుగ్రీవుల పోరు పిల్లల చేత చదివించండి. కంసుని జుట్టు పట్టిన కృష్ణుడు ఉత్తరపు మందిరం పడమటి ముఖాన, స్తంభాల మేడ నడుమ, కలవరపడే అంతఃపుర స్త్రీల మధ్య ఉన్నాడు. వాలిసుగ్రీవులు పడమటి గోపురంపై ఉన్నారు. ఆ ఫలకంలో రాముడు ఎక్కడున్నాడో పిల్లలనే వెతకనివ్వండి.