బావకు ఫోన్ చేస్తే సరిపోదు

శనివారం అర్ధరాత్రి ఫోను మోగింది. 'బావా, డ్రంక్ అండ్ డ్రైవ్‌లో పట్టుకున్నారు. నాన్నకు మాత్రం చెప్పకు!' బావ వెళ్లేసరికే బండి స్టేషన్‌కు చేరింది. బావమరిదిని తీసుకొచ్చి తన ఇంట్లోనే పడుకోబెట్టాడు. గండం గడిచిందనుకున్నారిద్దరూ.

తెలిసినవాళ్లింట్లో జరిగిన సంగతిది. హైదరాబాద్‌లో ఏ వారాంతంలోనైనా ఇలాంటి ఫోన్లు ఎన్నో ఇళ్లలో మోగుతుంటాయి. రేపు మనింట్లోనే మోగితే?

ముందుగా, పోలీసులిచ్చిన కాగితాలన్నీ ఒకచోట భద్రం చేయండి. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్ కింద నేరమే. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే ఆరు నెలల వరకూ జైలు, రూ.10,000 జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల వరకూ జైలు, రూ.15,000 జరిమానా, లేదా రెండూ.

బండి గురించి బెంగపడకండి. డ్రైవరు తాగి ఉంటే, మద్యం తాగని, లైసెన్సున్న తోటివారికో, పిలిస్తే వచ్చిన బంధువుకో బండి అప్పగించాలని 2021లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. ఎవరూ రానప్పుడే స్టేషన్‌కు తరలించాలి. తర్వాత ఆర్‌సీ, లైసెన్సు, గుర్తింపు కార్డు చూపి అడగవచ్చు.

'కోర్టుకు రానక్కర్లేదు, అంతా నేను చూసుకుంటా' అనేవాళ్లు ఈ రోజుల్లోనే ఎదురవుతారు. వాళ్ల చేతిలో డబ్బు పెట్టకండి. వాయిదాకు వెళ్లకపోతే వారంటు రావచ్చు. రెండోసారి పట్టుబడినా, ఎవరికైనా దెబ్బలు తగిలినా లాయరుతో మాట్లాడకుండా కోర్టు మెట్లెక్కవద్దు. ఆ స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. లైసెన్సు సస్పెండయితే ఆ గడువు తీరేదాకా బండి తీయకూడదు. 'పక్క వీధికే కదా' అని తీస్తే అది ఇంకో నేరం.

ఇక అసలు పరీక్ష. కోర్టుకు ముందు ట్రాఫిక్ పోలీసులు కౌన్సెలింగ్‌కు పిలుస్తారు. ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకు రమ్మంటారు. మన కుర్రాడు మూడు రోజులు మథనపడ్డాడు. స్నేహితుణ్ని అన్నగా తీసుకెళ్దామా అనీ ఆలోచించాడు. 'ఒక తప్పుకు ఇంకో తప్పు తోడవుతుంది, వద్దు' అని బావే ఆపాడు. చివరికి నాన్న ముందు తలొంచుకుని నిలబడ్డాడు.

పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'ఆ రాత్రి ఫోను చేసింది నువ్వేగా, ఆస్పత్రివాళ్లు కాదు. ఎన్నింటికి వెళ్లాలి?' అన్నారట.

పరువు పోతుందని దాచుకునే ఇళ్లు చాలా ఉంటాయి. దాస్తే కేసు ఆగదు, అలవాటూ ఆగదు. తిట్లూ శాపనార్థాలూ పక్కనపెట్టి, 'ఆ ఒక్కరోజేనా, ప్రతి శనివారమా?' అని మెల్లగా అడగండి. మానాలన్నా మానలేకపోతున్నానంటే, అది డాక్టరు చూడాల్సిన జబ్బు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో చికిత్స ఉంది. 14416కు ఫోన్ చేసినా సలహా చెబుతారు.

జరిమానా కడితే కేసు ముగుస్తుంది. వచ్చే శనివారం ఆ బండి తాళం ఎవరి చేతిలో ఉండాలో మాత్రం ఇంట్లోనే, అందరూ కూర్చుని తేల్చుకోవాలి.