గమ్మునుండేది కూడా పూజే

మన ఇండ్లలో దేవుని పాటలకు కొదవ లేదు. పొద్దున సుప్రభాతం, గురువారం సాయిబాబా హారతి, శుక్రవారం లలితా సహస్రనామం, శనివారం గోవిందనామాలు. ఇవి కాక తెల్లారకముందే వాట్సాప్‌లో వచ్చి చేరే దేవుళ్ళ ఫోటోలు, పదకొండు మందికి పంపితే శుభవార్త వింటారనే మెసేజీలు. దేవునింట్లో గోడకు ప్లగ్గులో గుచ్చిన చిన్న డబ్బా ఒకటి రాత్రీ పగలూ ఒకే మంత్రం చెప్తా ఉంటుంది. ఇన్ని ఉన్నా, ఇంట్లో ఎవరినైనా "ఈ పొద్దు స్వామి నీతో ఏమన్నా చెప్పినాడా?" అని అడిగితే నవ్వేస్తారు. ఆ ప్రశ్నే మనకు వింతగా తోస్తుంది.

మా అవ్వల కాలంలో అది వింత ప్రశ్న కాదు. సాయంత్రం దీపం పెట్టి, నోటికి వచ్చిన పాట ఒకటి పాడి, తర్వాత రవంత సేపు కండ్లు మూసుకొని కూర్చునేవాళ్ళు. పిల్లలు గొడవ చేస్తే "గమ్మునుండండప్పా, స్వామి ఏమంటాడో విననీండి" అనేవాళ్ళు. పాట ఎంత ముఖ్యమో, ఆ తర్వాతి గమ్మునుండే సేపు కూడా అంతే ముఖ్యం వాళ్ళకు. మనం పాటను ఉంచుకున్నాము, అదీ వేరేవాళ్ళ గొంతులో. గమ్మునుండే సేపును మాత్రం పూర్తిగా వదిలేసినాము.

అందుకే మా అభిప్రాయం సూటిగా చెప్తున్నాము. దేవుని మాట మన చెవికి చేరకుండా అడ్డుపడేది సీరియళ్ళు, క్రికెట్టు, ఆఫీసు మీటింగులు మాత్రమే అనుకుంటే పొరపాటు. దేవుని పేరుతో ఎడతెగకుండా మోగే శబ్దం కూడా అడ్డమే. పైగా ఇది మంచిది అనిపించుకునే అడ్డం కాబట్టి దాన్ని ఆపాలని ఎవరికీ తోచదు.

వినడం అనేది మన పెద్దలు చిన్న సంగతిగా చూడలేదు. సంస్కృత భాగవతం ఏడో స్కంధంలో ప్రహ్లాదుడు తండ్రికి తొమ్మిది రకాల భక్తి చెప్తాడు. వాటిలో మొదటిది శ్రవణం. కీర్తనం దాని తర్వాతే. బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు భార్య మైత్రేయికి చెప్పిన వరసలో కూడా వినడం ముందు, విన్నదాన్ని తలపోయడం తర్వాత, దానిలోనే మనసు నిలపడం ఆ తర్వాత. చెవిలో పడిందంతా శ్రవణం అయితే, బస్టాండులో కూర్చున్న ప్రతి మనిషీ జ్ఞాని అయిపోవాలి. విన్న మాటకు లోపల కొంచెం చోటు ఉండాల. ఆ చోటు చేసుకోవడమే కష్టం.

మా కోలారు, చింతామణి వైపు తెలుగువాళ్ళకు ఈ సంగతి ఇంకా దగ్గరగా చెప్పే కథ ఒకటి ఉంది. అది కైవారం తాతయ్య కథ. చింతామణి తాలూకా కైవారంలో గాజులు అమ్ముకునే ఇంట్లో పుట్టిన నారేయణప్ప ఆయన. 1726లో పుట్టి 1836లో జీవసమాధి అయినాడని భక్తులు చెప్పుకుంటారు. గాజుల మలారం మోసుకొని ఊరూరా తిరిగిన మనిషి. బేరాలు, అప్పులు, ఇంట్లో పోరు, అన్నీ చూసినవాడు. ఆయనకు గురువు పరదేశిస్వామి అష్టాక్షరి ఉపదేశించి, ఒక గులకరాయి నోట్లో పెట్టుకోమన్నాడట. అది కలకండ అయ్యేదాకా జపం చెయ్యమన్నాడట. తాతయ్య గుహలో కూర్చొని అట్లే చేసినాడు, రాయి తియ్యబడింది అని కథ.

రాయి నిజంగా కలకండ అయిందా లేదా అని వాదించేవాళ్ళతో మాకు పని లేదు. కథలోని పద్ధతి చూడండి. నోట్లో రాయి పెట్టుకున్నవాడు బేరమాడలేడు, పొగడలేడు, చాడీలు చెప్పలేడు. అంతవరకూ రోజంతా "గాజులమ్మా గాజులు" అని అరిచిన నోరు అది. మొదట దాన్ని ఆపించినాడు గురువు. గడువు కూడా ఇన్ని రోజులని పెట్టలేదు, తియ్యబడేదాకా అన్నాడు. తాతయ్య తెలుగులో, కన్నడంలో తత్వాలు, కీర్తనలు చెప్పింది ఆ తర్వాతే. ముందు విన్నాడు, తర్వాత పాడినాడు. అమరనారేయణుని ముద్రతో ఆయన కట్టిన తెలుగు పాటలు మా ఇంట్లో కన్నడ లిపిలో అచ్చయిన పుస్తకంలోనే ఉన్నాయి. కన్నడ బడిలో చదువుకున్న మాకు తెలుగు భక్తి కంటికి చేరింది ఆ దారినే.

ఇప్పుడు రికార్డుల సంగతి. వేంకటేశ సుప్రభాతం 15వ శతాబ్దంలో ప్రతివాది భయంకరం అణ్ణన్ రాసింది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతులో అది 1963లో గ్రామఫోను రికార్డుగా వచ్చింది. దక్షిణాదిలో ఆ గొంతు వినని ఇల్లు అరుదు. మాకూ అది వినకపోతే తెల్లారినట్టు ఉండదు. ఆ రికార్డు మీద మాకు ఏ కోపమూ లేదు. కానీ ఒకటి ఆలోచించండి. సుప్రభాతం స్వామిని మేలుకొలిపే పాట. ఇప్పుడు చాలా ఇండ్లలో అది ఫోను అలారం. పాట మొదలవుతుంది, మనం చెయ్యి చాచి పది నిమిషాలు ఆపేస్తాము, మళ్ళీ మోగుతుంది, మళ్ళీ ఆపేస్తాము. దేవుని పాట వస్తే నోరు మూయించడం రోజూ అభ్యాసం చేస్తున్నాము అన్నమాట.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో ఉన్నందుకు మాకు ఈ జబ్బు బాగా తెలుసు. ఒక సిస్టమ్‌లో ప్రతి చిన్నదానికీ అలర్ట్ పెడితే, మొదటి వారం అందరూ చూస్తారు. రెండో వారం నుంచి ఎవరూ చూడరు. నిజంగా ఏదో కూలిపోయే రోజు వచ్చిన అలర్ట్ కూడా ఆ గుంపులోనే కలిసిపోతుంది. దానికి మందు ఇంకో పెద్ద అలర్ట్ పెట్టడం కాదు, అక్కరలేనివి తీసెయ్యడం. దేవునిల్లు కూడా అంతే. ఇరవైనాలుగు గంటలూ మంత్రం చెప్పే డబ్బాను మనం వినడం ఎప్పుడో మానేసినాము. ఫ్యాన్ చప్పుడుతో సమానం అయిపోయింది.

తెలుగు నేల బయట ఉన్న మనబోటి కుటుంబాలకు ఇందులో ఇంకొక నష్టం ఉంది. బడి కన్నడం, లేకపోతే తమిళం, ఒడియా, మరాఠీ. ఆఫీసు ఇంగ్లీషు. టీవీ ఏదో ఒకటి. ఇంట్లో తెలుగుకు మిగిలింది రెండే చోట్లు, వంటిల్లు, దేవునిల్లు. వంటింట్లో తెలుగు "ఉప్పు అందియ్యి", "కూడు తింటివా" దగ్గర ఆగిపోతా ఉంది. మనసులోని పెద్ద మాటలు, అంటే దయ, తప్పు, మోక్షం, ఋణం, శరణు, ఇవి పిల్లల నోట తెలుగులో పలికే చోటు దేవునిల్లు ఒక్కటే. ఆ చోటును కూడా స్పీకర్‌కు ఇచ్చేస్తే పిల్లలకు ఆ మాటలు ఎక్కడ దొరుకుతాయి? మేము ఎక్కాలు కన్నడంలో చెప్పుకుంటాము, బగ్ రిపోర్టు ఇంగ్లీషులో రాస్తాము. కానీ అర్ధరాత్రి ఆసుపత్రి నుంచి ఫోను వస్తే "దేవుడా" అని తెలుగులోనే వస్తుంది. స్వామి మనతో మాట్లాడితే ఆయనకు తెలియని భాష లేదు. మనకు లోతుగా తగిలే భాష ఒకటి ఉండాల కదా.

త్యాగయ్య ఇల్లు కూడా మనలాంటిదే అని మరవకండి. 1767 నుంచి 1847 వరకు బతికిన ఆ మహానుభావుడు తమిళనాడులో, తిరువైయారులో కావేరి ఒడ్డున ఉండి, తెలుగులో రామునితో మాట్లాడినాడు. చుట్టూ ఉన్న భాష వేరని ఆ మాటలు ఆగలేదు. పైగా ఆయన పాటలు చాలా మటుకు ఎవరికో వినిపించే కచేరీల్లా ఉండవు. అడగడం, అలగడం, బతిమాలడం, జవాబు కోసం కాచుకోవడం, ఇద్దరి మధ్య జరిగే సంభాషణలా ఉంటాయి.

దీనికి ఎదురు మాటలు ఉన్నాయి, మేమూ విన్నాము. "పొద్దున ఎనిమిదికి బయలుదేరాల, ట్రాఫిక్‌లో రెండు గంటలు, కూర్చొని పాడే తీరిక ఎవరికి ఉంది? ఏమీ లేనిదానికన్నా ఫోనులో పాట మోగడం నయం కదా" అంటారు. ఒప్పుకుంటాము, నయమే. మంచం పట్టిన తాతకు, చూపు మందగించిన అవ్వకు ఆ పాటే తోడు. వాళ్ళ పాటను ఎవరూ ఆపకండి, వీలైతే పక్కన కూర్చొని మీరూ వినండి. మేము మాట్లాడుతున్నది చేతులు, కాళ్ళు, గొంతు బాగున్న మన గురించి. మనకు తీరిక లేదన్నది పూర్తి నిజం కాదు. ఫోనులో వీడియోలు ఒకదాని వెనక ఒకటి చూసే అరగంట మన దగ్గరే ఉంది. నిజం ఏమంటే, గమ్మున కూర్చుంటే లోపల నుంచి ఏం వస్తుందో అని మనకు కొంచెం భయం.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. మా వంశంలో రెండు ఇండ్ల మధ్య ఒక గట్టు తగాదా ఉండేది. బావి దగ్గర నాలుగు అడుగుల నేల. దాని కోసం చాలా ఏండ్లు పెండ్లిళ్ళకు కూడా పిలుపులు లేవు. రెండు ఇండ్లలోనూ పూజలకు లోటు లేదు, ఒకే వేంకటరమణస్వామి పటం, ఒకే పాటలు. ఒక ధనుర్మాసంలో కరెంటు పోయి, టీవీ, డబ్బా అన్నీ ఆగిపోయిన పొద్దున, దీపం ముందు కూర్చున్న మా పెద్దాయన లేచి ఆ ఇంటికి నడిచి పోయినాడు. "చిన్నాయనా, కాఫీ తాగి పోదామని వచ్చినా" అన్నాడట. అంతే. గట్టు ఇప్పటికీ ఉన్నచోటే ఉంది, రాకపోకలు మాత్రం మొదలైనాయి. ఆయనకు దేవుడే చెప్పినాడని మేము అనము, ఆయనా అనలేదు. అడిగితే "ఊరికే తోచింది" అన్నాడు. చప్పుడు మధ్యలో అది తోచేది కాదని మాత్రం మేము నమ్ముతాము.

అయితే లోపల తోచిందంతా దేవుని మాటేనా? కాదు. ఇక్కడ జాగ్రత్త కావాల. కోపం కూడా దేవుని గొంతుతో మాట్లాడగలదు. "దేవుడు నాతో చెప్పినాడు" అని ఇంకొకరిని కొట్టేవాళ్ళు, తిట్టేవాళ్ళు, డబ్బు గుంజేవాళ్ళు అన్ని మతాల్లో ఉన్నారు. అందుకే మేము మూడు పరీక్షలు పెట్టుకున్నాము. ఒకటి, ఆ మాట పని చెప్పేది నాకా, పక్కవాడికా? పక్కవాడు మారాలని చెప్పే మాట ఎక్కువగా మన అహంకారమే. రెండు, రాత్రి తోచింది పొద్దున కూడా అట్లే నిలబడుతుందా? ఆవేశం నిద్రతో తగ్గిపోతుంది, నిజమైన మాట తగ్గదు. మూడు, దాన్ని ఇంట్లో పెద్దవాళ్ళ ముందు సిగ్గులేకుండా బయటికి చెప్పగలమా? ఈ మూడూ దాటిన మాట చాలా మటుకు చిన్నదిగానే ఉంటుంది. ఫోను చెయ్యి, అప్పు తీర్చు, క్షమించు, అమ్మ దగ్గర కాసేపు కూర్చో. ఆకాశం చీల్చుకొని వచ్చే మాట కాదు కాబట్టే అంత సులభంగా దాన్ని దాటేస్తాము.

మా ఇంట్లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. మీకు కుదిరినంత తీసుకోండి. దేవునింట్లోకి ఫోను రాదు, గుమ్మం బయట గూట్లో ఉంటుంది. మంత్రం డబ్బా తీసేసినాము. సాయంత్రం ఒకే ఒక పాట, ఇంట్లోవాళ్ళ నోటితో. శృతి తప్పినా, చరణం మరిచినా ఫర్వాలేదు. పిల్లలు కన్నడ లిపిలో చూసి చదివినా అది తెలుగే. తెలియని మాట వస్తే ఆ ఒక్క మాటకు అర్థం చెప్పుకుంటాము. తర్వాత ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడరు. మొదట్లో పిల్లలు నవ్వుతారు, పెద్దవాళ్ళకు కుక్కర్ గుర్తొస్తుంది, ఆఫీసు మెయిల్ గుర్తొస్తుంది. రానియ్యండి, పోనియ్యండి. రోజూ కాకపోతే శనివారం ఒక్కటి చాలు. ఇల్లు కుదరకపోతే బస్సులో ఇయర్‌ఫోను తీసి పది నిమిషాలు కిటికీ దగ్గర కూర్చున్నా చాలు.

హోసూరులో, కోయంబత్తూరులో, బరంపురంలో, షోలాపూరులో, యానాంలో ఉన్న మన ఇండ్లన్నింటిలో ఏదో ఒక అవ్వకు వచ్చిన పాట ఒకటి ఉంటుంది. ఆమె ఉండగానే దాన్ని నేర్చుకోండి, ఏ లిపిలో అయినా సరే రాసిపెట్టుకోండి. పాడిన తర్వాత ఆమె ఎంత సేపు గమ్మున కూర్చునేదో, అది కూడా అడిగి తెలుసుకోండి. పిల్లలకు రెండూ కలిపి ఇయ్యాల.