తాళం ఎవరి కోసం?



ఈ వారం కంప్యూటర్ల గురించి రాస్తానంటే కొందరు నవ్వుతారు. "తెలుగు సారుకు సర్వర్లెందుకు?" అంటారు. చివరిదాకా చదవండి. కులం గురించి రాయడం మానేసి ఇది రాయడం లేదు.

మా కాలేజీలో కంప్యూటర్ ల్యాబు మార్చడానికి కమిటీ వేశారు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. మా ల్యాబులో ఉన్నవన్నీ పాత మిషన్లు, వాటి మీద విండోస్ 11 ఎక్కదు. అన్నీ కొత్తవి కొనే బదులు, ఇప్పటికే నామమాత్రంగా ఉన్న వర్చువల్ డెస్క్‌టాప్ ఏర్పాటును పెంచుదామన్నారు. కమిటీలో నన్నెందుకు వేశారో నాకు తెలుసు. ప్రతి కమిటీలో ఒక ఎస్సీ మెంబరు పేరు కనబడాలి కదా.

తెలియని వాళ్ల కోసం రెండు మాటల్లో చెబుతాను. వర్చువల్ డెస్క్‌టాప్‌లో మీ ముందుండేది తెర, కీబోర్డు, మౌసు మాత్రమే. అసలు కంప్యూటర్ ఎక్కడో సర్వర్‌లో ఉంటుంది. మీరు నొక్కిన అక్షరం అక్కడికి పోతుంది, అక్కడి బొమ్మ మీ తెర మీదికి వస్తుంది. సగం వ్యాసం టైపు చేసి లేచిపోయినా, ఇంకో చోట ఇంకో తెర ముందు కూర్చుని ఆపిన దగ్గరి నుంచే మొదలుపెట్టొచ్చు. ఆ ఇంకో చోటు ఇల్లు కావచ్చు, హాస్టల్ కావచ్చు. దాన్నే రిమోట్ యాక్సెస్ అంటారు.

ప్రతిపాదన అంతా బాగానే ఉంది. చివరి పేజీలో మాత్రం ఒక వాక్యం ఉంది. రిమోట్ యాక్సెస్ సిబ్బందికి మాత్రమే, విద్యార్థులు భద్రతా కారణాల వల్ల ల్యాబు వేళల్లో ల్యాబులోనే వాడుకోవాలి. ఎందుకని అడిగాను. ఒక సీనియర్ సారు నింపాదిగా చెప్పారు: "పిల్లల్ని ఎట్ల నమ్ముతం సార్? మనోళ్లయితే మనకు ఎరికే గదా."

మనోళ్లు. ఈ మాట నాకు కొత్త కాదు.

2008లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 5 వేల ప్రభుత్వ బడుల్లో కంప్యూటర్ విద్య మొదలుపెట్టింది. ఎన్‌కంప్యూటింగ్ అనే కంపెనీ పరికరాలతో 50 వేల సీట్లు ఏర్పాటు చేశారు. బడికి సగటున పది. ఒక సీపీయూకి చిన్న చిన్న డబ్బాలు తగిలించి, ఒక్కో డబ్బాకు ఒక్కో తెర. ఇవాళ మా కమిటీ మాట్లాడుతున్న దానికి అది పేదింటి అన్న లాంటిది. అప్పుడు నేను పదో తరగతి. నా తరం ప్రభుత్వ బడి పిల్లలు వర్చువల్ డెస్క్‌టాప్‌ను ఆ పేరు తెలియకుండానే చూసినవాళ్లు.

మా బడిలో ఒక్కో తెర ముందు ముగ్గురం నలుగురం. మౌసు మాత్రం ఒకటే. అది ఎవరి చేతిలో ఉండేదో వేరే చెప్పాలా? ఊళ్లో పెద్దింటి పిల్లలు కుర్చీలో, మేం వెనక నిలబడి. గది ఊడ్చే వంతు వచ్చినప్పుడు మాత్రం మేం ముందు. సంవత్సరం చివరికి నాకు తెర మీద ఏముంటుందో తెలుసు, మౌసు బరువు ఎంతుంటుందో తెలియదు. ప్రభుత్వం లెక్కలో నేనూ కంప్యూటర్ నేర్చుకున్నవాణ్నే.

అంబేద్కర్ తన చిన్నప్పటి బడి గురించి రాసుకున్నది మీకు గుర్తుండే ఉంటుంది. బడిలో నల్లా ఉంది. కానీ ఆయన దాన్ని ముట్టుకోకూడదు. ప్యూను వచ్చి తిప్పితేనే నీళ్లు. ప్యూను లేని రోజు దాహమే. నల్లా ఉందా లేదా అని మాత్రమే అడిగే సర్వేలో ఆ బడికి నూటికి నూరు మార్కులు పడతాయి.

ఇప్పుడు మా కాలేజీకి రండి. పిల్లలు దేవరకొండ, డిండి వైపు నుంచి, అటు అచ్చంపేట నుంచి వస్తారు. చాలామంది మాదిగ, మాల, లంబాడ పిల్లలు. తల్లిదండ్రులు హైదరాబాదులోనో బొంబాయిలోనో అడ్డా కూలీలు. పాలమూరు లేబర్ అనే పేరు ఊరికే రాలేదు. ల్యాబు నాలుగున్నరకు మూస్తారు. ఆఖరి క్లాసు అయ్యేది నాలుగు గంటలకు. బస్సు పట్టుకోవాల్సిన పిల్లకు ల్యాబు లేనట్టే. హాస్టల్ పిల్లకు రాత్రి తీరిక ఉంటుంది, ల్యాబు ఉండదు. తాళంచెవి అటెండరు దగ్గర. ఆయన తప్పేమీ లేదు, ఆయన డ్యూటీ అంతవరకే. రిమోట్ యాక్సెస్ నిజంగా అవసరమైంది ఈ పిల్లలకు. దక్కేది ఇంట్లో సొంత ల్యాప్‌టాప్, వైఫై ఉన్న మా లెక్చరర్లకు.

భద్రత భయం ఉత్తిదని నేననను. సర్వర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెడితే రిమోట్ డెస్క్‌టాప్ తలుపు ఎక్కడుందా అని వెతికే దొంగలు నిజంగానే ఉన్నారు. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగితే రోజుల తరబడి ఓపీ చీటీలు చేత్తో రాయాల్సి వచ్చింది. అందుకే ముందు ఒక గేట్‌వే పెట్టాలి, దారిలో పోయే సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేయాలి, పాస్‌వర్డ్‌తో పాటు రెండో రుజువు అడగాలి, అప్‌డేట్లు ఆపకూడదు. మా కంప్యూటర్ సైన్స్ సారు ఇవన్నీ చెప్పారు, అన్నీ ఒప్పుకున్నాను.

నేను ఒప్పుకోనిది ఒక్కటే: లోపలివాళ్లంటే నమ్మకం, బయటివాళ్లంటే అనుమానం.

ఈ నమ్మకం మనకేం చేసిందో తెలంగాణ నిరుద్యోగులను అడగండి. 503 పోస్టులకు తొలి గ్రూప్-1 నోటిఫికేషన్, 2022 అక్టోబర్ 16న ప్రిలిమ్స్. రెండున్నర లక్షల మందికి పైగా రాశారు. 2023 మార్చిలో పేపర్ల లీకేజీ బయటపడింది. 17వ తేదీన పరీక్ష రద్దయింది. సిట్ దర్యాప్తులో తేలిందేమిటి? ఎక్కడో కూర్చున్న హ్యాకర్ కాదు. కమిషన్ ఆఫీసులోనే పనిచేసేవాళ్లు, అందులో ఒకరు అక్కడి కంప్యూటర్ల నెట్‌వర్క్ చూసుకునే మనిషి. కాన్ఫిడెన్షియల్ సెక్షన్ కంప్యూటర్‌లోకి వెళ్లి పేపర్లు కాపీ చేసుకున్నారని కేసు. అశోక్‌నగర్ గదుల్లో అప్పు తెచ్చుకుని చదివిన పిల్లల్ని గేటు దగ్గర గడియారం, చెప్పులతో సహా తనిఖీ చేశారు. లోపలి మనిషి పెన్‌డ్రైవ్‌ను ఎవరూ అడగలేదు.

పాత పద్ధతి నెట్‌వర్క్ మన ఊరి లాంటిది. చుట్టూ గోడ. గోడ లోపలున్న వాడు ఏ ఇంట్లోకైనా పోవచ్చు, ఎవరూ అడగరు. వాడ నుంచి వచ్చిన వాడు మాత్రం ప్రతి గడప దగ్గరా జవాబు చెప్పుకోవాలి. సెక్యూరిటీ చదివినవాళ్లే ఈ పద్ధతి పనికిరాదని తేల్చారు. 2010లో జాన్ కిండర్‌వాగ్ అనే నిపుణుడు దీనికి బదులుగా 'జీరో ట్రస్ట్' అన్నాడు. 2020లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ దాని మీద ఒక పత్రమే తెచ్చింది. సారాంశం ఇది: ఎక్కడ కూర్చున్నాడన్నది చూసి ఎవర్నీ నమ్మొద్దు. ప్రిన్సిపాల్ అయినా, ఫస్టియర్ పిల్ల అయినా ప్రతిసారీ ఒకే రకంగా తనిఖీ చెయ్యి. పనికి ఎంత కావాలో అంతే తెరువు. ఎవరు ఎప్పుడు ఏది తెరిచారో రాసి పెట్టు.

మనం వందేళ్లుగా అడుగుతున్నది కూడా దాదాపు ఇదే కదా! పుట్టుక చూడకు, అర్హత చూడు. అందరికీ ఒకటే రూలు పెట్టు.

పిల్లలకు ఇవ్వడం సాధ్యం కాదన్న మాటకు జవాబు ఇప్పటికే దేశంలో నడుస్తోంది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ 'ఎన్-లిస్ట్' కింద కాలేజీ విద్యార్థులకు ఎవరి లాగిన్ వాళ్లకు ఇస్తుంది. ఎక్కడి నుంచైనా జర్నళ్లు, పుస్తకాలు చదువుకోవచ్చు. అక్కడ నమ్మదగిన విద్యార్థి మా గేటు దగ్గరికి రాగానే అనుమానితుడు ఎట్లయ్యాడు?

అయితే ఒక చిక్కు ఉంది, దాన్ని మనమే ముందు చెప్పాలి. రెండో రుజువు అంటే మనవాళ్లకు తెలిసింది ఫోనుకు వచ్చే ఓటీపీ. మా క్లాసులో ఒక అమ్మాయి అడ్మిషన్‌లో ఇచ్చిన నంబరు వాళ్ల నాన్నది. నాన్న బొంబాయిలో సెంట్రింగ్ పనిమీద ఉంటాడు. ఓటీపీ అక్కడ మోగుతుంది, పిల్ల ఇక్కడ తెర ముందు. రీచార్జి అయిపోతే అదీ లేదు. ఇట్లాంటి ఏర్పాటు చేసి "అందరికీ ఇచ్చాం, వాడుకోవడం లేదు" అని రిపోర్టు రాసుకోవడం తేలిక. 2008లోనూ అట్లాగే రాసుకున్నారు.

అందుకే కమిటీకి నా అసమ్మతి నోటు రాసి ఇచ్చాను. అందులో ఐదు మాటలున్నాయి.

ఒకటి, సిబ్బందికి, విద్యార్థులకు ఒకే గేట్‌వే, ఒకే తనిఖీ. వేళలు కూడా ఒకటే.

రెండు, మార్కులు, పరీక్షల విభాగం కంప్యూటర్లు వేరే. మామూలు లాగిన్‌తో ప్రిన్సిపాల్ కూడా వాటిని తెరవలేకుండా ఉండాలి. ఎవరు తెరిచారన్న లెక్క ఇద్దరు చూడాలి, ఒక్కరు కాదు.

మూడు, ఓటీపీ ఒక్కటే దారి కాకూడదు. సిగ్నల్ లేకున్నా నంబరు చూపించే యాప్‌లున్నాయి. ఫోనే లేని పిల్లకు ఒక్కసారి వాడి పారేసే కోడ్‌లు కాగితం మీద అచ్చువేసి ఇవ్వొచ్చు. ఆ కాగితం పిల్ల దగ్గరే ఉండాలి, వార్డెన్ బీరువాలో కాదు.

నాలుగు, విండోస్ 11 ఎక్కదని పక్కన పడేస్తున్న మిషన్లను తుక్కుకు అమ్మొద్దు. తేలికైన లైనక్స్ ఎక్కిస్తే సర్వర్ బొమ్మ చూపించడానికి అవి చాలు. వాటిని ఎస్సీ, ఎస్టీ, బీసీ హాస్టళ్లలో పెట్టాలి, నెట్ కనెక్షన్‌తో సహా.

ఐదు, తెలుగు. ఈ పద్ధతిలో డెస్క్‌టాప్‌లన్నీ ఒక మాస్టర్ ఇమేజ్ నుంచి పుడతాయి. అందులో తెలుగు యూనికోడ్ కీబోర్డు ఒక్కసారి పెడితే అందరికీ వస్తుంది. నేను పీహెచ్‌డీ థీసిస్ డీటీపీ సెంటర్లో పేజీకి ఇంతని కట్టి టైపు చేయించుకున్నాను. నా విద్యార్థులు తమ మాట తామే టైపు చేసుకోవాలి.

ఖర్చు పెరుగుతుందన్నారు. నిజమే. ఎంతమంది ఒకేసారి వాడితే అంత సర్వర్, అన్ని లైసెన్సులు. కానీ పిల్లలందరూ ఒకే గంటలో రారు. రాత్రి ఖాళీగా పడి ఉండే సర్వర్‌ను రాత్రి చదివే పిల్లలకు ఇవ్వడానికి కొత్తగా కొనాల్సింది అనుకున్నంత ఉండదు. డబ్బు నిజంగా చాలకపోతే, ముందు హాస్టల్ పిల్లలకు ఇచ్చి తర్వాత మా లెక్చరర్లకు ఇవ్వండని కూడా రాశాను. ఆ లైను చదివాక గదిలో ఎవరూ మాట్లాడలేదు.

సోమవారం మళ్లీ మీటింగ్ ఉంది. ఏమైందో వచ్చే వ్యాసంలో రాస్తాను. ఈలోగా నల్లగొండ, పాలమూరు కాలేజీల్లో చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ ల్యాబు ఎన్నింటికి మూస్తారో, బయటి నుంచి వాడుకునే హక్కు ఎవరికుందో ప్రిన్సిపాల్‌ను రాతపూర్వకంగా అడగండి. జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోండి.

జై భీమ్.