దేహం మిథ్యయైతే జిహ్వ సత్యమా?

“నేను దేహాన్ని కాను” అని వల్లించే నలభై దాటిన గృహస్థు, ఏకాదశినాడు ఉపవాసం పేరిట ఉప్మా, దోసెలు కడుపారా ఆరగించడం ఏపాటి వైరాగ్యం? దేహం మిథ్యయైనప్పుడు జిహ్వ మాత్రం సత్యమెట్లయినది?

అతిగా భుజించువానికీ, బొత్తిగా భుజించనివానికీ యోగం సిద్ధించదని గీత ఆరవ అధ్యాయం శాసించినది. చరకసంహిత అతిస్థౌల్యాన్ని నింద్యమని చెప్పి, అతిభోజనం, వ్యాయామలోపం, పగటినిద్ర దానికి హేతువులన్నది. భారతీయ పురుషుని నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు మించరాదని నేటి వైద్యం హెచ్చరిస్తున్నది. మించినకొద్దీ మధుమేహం, రక్తపోటు, హృద్రోగం చేరువవుతాయి.

ప్రసాదం అరచేతిలో ఇమిడేంతే. పళ్ళెం నిండితే అది భోజనమే. సాధకులారా! నిత్యం అరగంట వడిగా నడవండి. రాత్రి మితంగా భుజించండి. దేహం ఆత్మ కాదు, నిజమే. కానీ సాధనకు అదొక్కటే ఉపకరణం.