బ్రౌజర్ నత్తనడక నడుస్తోందా?

మా పక్క వాటాలో ఓ రిటైర్డ్ మాస్టారు ఉంటారు. వాళ్ల హాల్లో టీవీ పక్కన, అల్లికల గుడ్డ కప్పుకుని ఓ కంప్యూటర్ ఉంటుంది. 2013లో వాళ్లబ్బాయి ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్నది. అబ్బాయి చదువు ముగించాడు, ఉద్యోగం తెచ్చుకున్నాడు, అమెరికా వెళ్లిపోయాడు. కంప్యూటర్ మాత్రం ఇక్కడే ఉండిపోయింది. మాస్టారు పొద్దున్నే అందులో పేపర్లు చదువుతారు. ఆదివారాలు అబ్బాయితో వీడియోకాల్. మిగతా రోజుల్లో కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, పాత పాటలు.

ఆ మధ్య ఓ రాత్రి తొమ్మిదిన్నరకి తలుపు తట్టారు. ‘‘బాబూ, ఒక్కసారి వస్తావా? పిల్ల ఏడుస్తోంది’’ అన్నారు. పిల్లంటే ఆయన మనవరాలు. ఇంటర్ అయిపోయి ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కి వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటోంది. అరవై చిల్లర కాలేజీలు వరసగా ఎంచుకుని ‘సేవ్’ నొక్కింది. తెరమీద చక్రం తిరుగుతూనే ఉంది. తిరిగి తిరిగి చివరికి మళ్లీ లాగిన్ పేజీ వచ్చింది. పెట్టిన ఆప్షన్లన్నీ గల్లంతు. అలా రెండుసార్లు అయింది. గడువు ఆ రాత్రితో సరి.

‘‘ఫోన్లో పెట్టుకోవచ్చుగా అమ్మా’’ అన్నాను. ‘‘అంత పెద్ద లిస్టు ఫోన్లో వరస తప్పుతుంది అంకుల్’’ అంది కళ్లు తుడుచుకుంటూ. నిజమే. (అంకుల్ అన్నందుకు మనసులో కాస్త చివుక్కుమంది, అది వేరే సంగతి.)

ముందుగా కీబోర్డు మీద షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కాను. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్... దేంట్లోనైనా ఆ రెండు మీటలూ కలిపి నొక్కితే ఓ చిన్న పట్టిక తెరుచుకుంటుంది. ఏ ట్యాబ్ ఎంత మెమరీ మింగుతోంది, ప్రాసెసర్‌ని ఎంత వాడుతోంది అన్నీ అందులో కనిపిస్తాయి. మన ఇంట్లో మీటరు తిరిగిపోతుంటే ఏ గదిలో ఏసీ వేసి మర్చిపోయామో చూసుకోవడం లాంటిదే ఇది.

చూస్తే ఇరవై ఏడు ట్యాబులు. మాస్టారు పొద్దున చదివిన పేపర్లు, పిన్నిగారు మధ్యలో ఆపిన అన్నమయ్య కీర్తన, ఎప్పటిదో క్రికెట్ స్కోరు పేజీ. వాటన్నిటికీ మించి, ‘షాపింగ్ కూపన్లు వెతికిపెడతాను’ అనే ఓ ఎక్స్‌టెన్షన్ ఒక్కటే సగం ప్రాసెసర్‌ని పట్టుకుని కూర్చుంది. అదెప్పుడు చేరిందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎక్స్‌టెన్షన్ తీసేశాను. కౌన్సెలింగ్ పేజీ తప్ప ట్యాబులన్నీ మూసేశాను. ఈసారి పది ఆప్షన్లకోసారి సేవ్ చేయమన్నాను. పదకొండు కాకముందే పని పూర్తయింది.

గుమ్మం దాకా వచ్చి మాస్టారు నెమ్మదిగా అడిగారు. ‘‘షాపతను ఇది పనికిరాదు, నలభై వేలు పెట్టి కొత్తది కొనమంటున్నాడు. పిల్లకి ఫీజు కట్టాలి, హాస్టల్‌కి కట్టాలి. నిజంగా పనికిరాదంటావా?’’

ఆ ప్రశ్న కోసమే ఆదివారం పూట మళ్లీ వెళ్లి కూర్చున్నాను.

కంప్యూటర్ ముసలిదైందా, పేజీలు లావెక్కాయా?

చాలామంది అనుకునేదేమిటంటే, కంప్యూటర్ కూడా మనుషుల్లాగే ఏళ్లు గడిచేకొద్దీ నీరసపడుతుందని. చిప్‌లు అలా నీరసపడవు. 2013లో ఎంత వేగంగా లెక్కలు చేసిందో ఆ ప్రాసెసర్ ఇప్పుడూ అంతే చేస్తుంది. మారింది దాని నెత్తిన పడే బరువు. 2010లో ఓ మాదిరి వెబ్‌పేజీ బరువు అర మెగాబైటు ఉండేది. ఇప్పుడది రెండు మెగాబైట్లు దాటేసింది. బరువొక్కటే కాదు, పేజీలో ప్రకటనలు వేలం వేసే ప్రోగ్రాములు, మనం ఎక్కడ క్లిక్ చేస్తున్నామో గమనించే ప్రోగ్రాములు, వాటంతటవే మొదలయ్యే వీడియోలు... వీటన్నిటినీ నడపాల్సింది మన ఇంట్లోని ప్రాసెసరే.

రెండో సంగతి మెమరీ. 2008లో క్రోమ్ వచ్చినప్పుడు ఒక్కో ట్యాబును విడివిడి ప్రోగ్రాములా నడపడం మొదలుపెట్టింది. ఒక పేజీ చెడిపోతే మిగతావి పడిపోకుండా ఉండటానికి, ఒక సైటు సమాచారాన్ని మరో సైటు తొంగిచూడకుండా ఉండటానికి ఇది మంచి పద్ధతే. తర్వాత మిగతా బ్రౌజర్లూ అదే దారి పట్టాయి. కానీ దీనికి ర్యామ్ ఎక్కువ కావాలి. మాస్టారి కంప్యూటర్లో ఉన్నది 4 జీబీ. అందులో విండోస్‌కి పోగా మిగిలింది బ్రౌజర్‌కి ఏమూలకీ చాలదు.

ర్యామ్ చాలనప్పుడు ఏమవుతుంది? విండోస్ కొంత సరుకు తీసి హార్డ్‌డిస్కులో దాస్తుంది. మనం ఆ ట్యాబు నొక్కగానే మళ్లీ తెచ్చిపెడుతుంది. హార్డ్‌డిస్కంటే లోపల గిర్రున తిరిగే పళ్లెం. నిమిషానికి 7200 చుట్లు తిరిగేదైనా ఒక్క చుట్టుకి ఎనిమిది మిల్లీసెకన్లు పైనే పడుతుంది. ర్యామ్‌కి ఆ సమయం ఓ యుగం. వంటింట్లో డబ్బాలు చాలక పప్పు, ఉప్పు అటకమీద పెట్టి, పోపు వేసేటప్పుడల్లా నిచ్చెన ఎక్కడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ట్యాబు మార్చగానే డబ్బాలోంచి గరగరమని చప్పుడు వస్తోందంటే మీ కంప్యూటర్ నిచ్చెన ఎక్కుతున్నట్టే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే విండోస్ టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో మెమరీ తొంభై శాతం దాటి, డిస్క్ నూరు దగ్గర నిలబడిపోయి ఉంటే జబ్బు ఇదే.

పైసా ఖర్చు లేని వైద్యం

మొదటి పని ఎక్స్‌టెన్షన్ల ఏరివేత. అనుమానం ఉంటే ముందు ఇన్‌కాగ్నిటో విండో తెరిచి అదే సైటు చూడండి. అందులో మామూలుగా ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. అక్కడ చకచకా నడిచి మామూలు విండోలో మొరాయిస్తే దోషి ఎక్స్‌టెన్షనే. ఫైర్‌ఫాక్స్‌లో అయితే హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూట్ మోడ్ ఉంటుంది. ‘అన్ని వెబ్‌సైట్లలో మీ సమాచారం చదవడానికి, మార్చడానికి’ అనుమతి అడిగే ఎక్స్‌టెన్షన్లు మరీ జాగ్రత్త. అవి వేగాన్ని తినడమే కాదు, మీ బ్యాంకు పేజీని కూడా చదవగలవు.

ఏరివేతలో ఒక్కదానికి మాత్రం మినహాయింపు. ప్రకటనల్ని అడ్డుకునే ఎక్స్‌టెన్షన్ పాత కంప్యూటర్‌కి నిజంగా మేలు చేస్తుంది. యూబ్లాక్ ఆరిజిన్ వీటిలో మంచి పేరున్నది, ఉచితం. గూగుల్ తన ఎక్స్‌టెన్షన్ల నిబంధనలు మార్చడంతో క్రోమ్‌లో ఇప్పుడు దాని లైట్ రకమే పనిచేస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో పూర్తి రకం నడుస్తోంది. ప్రకటనల మీద బతికే పత్రికలో ఉంటూ నేనిలా రాయొచ్చా అని మీకు అనిపించొచ్చు. మీరు ఇష్టపడే సైట్లకి అందులోనే మినహాయింపు ఇచ్చే వీలుంది, ఇవ్వండి.

తర్వాత ట్యాబులు. క్రోమ్ సెట్టింగ్స్‌లో పెర్‌ఫార్మెన్స్ అనే విభాగంలో మెమరీ సేవర్ ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే కాసేపు చూడని ట్యాబుల్ని నిద్రపుచ్చి మెమరీ ఖాళీ చేస్తుంది. ఎడ్జ్‌లో దీన్నే స్లీపింగ్ ట్యాబ్స్ అంటారు. ఫైర్‌ఫాక్స్ మెమరీ తగ్గినప్పుడు తనంతట తానే ఈ పని చేస్తుంది, 2025 నుంచి ట్యాబు మీద రైట్‌క్లిక్ చేసి మనమూ చేయొచ్చు. ఒక్క జాగ్రత్త. నిద్రపోయిన ట్యాబు లేచేటప్పుడు పేజీ మళ్లీ లోడవుతుంది. దరఖాస్తులు నింపే సైట్లని ‘ఎప్పుడూ మెలకువగా ఉంచు’ జాబితాలో చేర్చుకోండి. మాస్టారి మనవరాలు ఈ మాట నోట్‌బుక్‌లో రాసుకుంది.

క్రోమ్‌లోనే సిస్టమ్ విభాగంలో, బ్రౌజర్ మూసేశాక కూడా వెనకాల పనిచేస్తూ ఉండాలా అనే మీట ఉంటుంది. దాన్ని ఆపేయండి. గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ మీట కూడా అక్కడే ఉంటుంది. పాత గ్రాఫిక్స్ చిప్‌లతో అది ఒక్కోసారి మేలు, ఒక్కోసారి కీడు. ఓ రోజు ఆన్, ఓ రోజు ఆఫ్ పెట్టి చూసి మీరే తేల్చుకోవాలి.

యూట్యూబ్ ఆగి ఆగి ఆడుతోందని నెట్ కంపెనీవాళ్లకి ఫోన్ చేసేవాళ్లు కూడా ఓసారి టాస్క్ మేనేజర్ చూడండి. యూట్యూబ్ ఇప్పుడు వాడే కొత్తరకం వీడియో కుదింపుని విప్పే ఏర్పాటు 2013 నాటి చిప్‌లలో లేదు. ఆ బరువంతా ప్రాసెసర్ మోయాలి. వీడియో కింద చక్రం గుర్తు నొక్కి నాణ్యతని 480కి తగ్గిస్తే అన్నమయ్య ఆగకుండా పాడతాడు.

ఇక క్యాష్ సంగతి. ఎవరిని అడిగినా ముందు ‘క్యాష్ క్లియర్ చేయండి’ అంటారు. ఏదైనా సైటు వికారంగా కనిపిస్తుంటే, పాత పేజీనే చూపిస్తుంటే అది పనికొస్తుంది. వేగం కోసమైతే దండగ. బొమ్మలు, అక్షరాలు మళ్లీ మళ్లీ తెచ్చుకోకుండా బ్రౌజర్ దాచుకున్న సరుకే క్యాష్. రోజూ దాన్ని పారబోస్తే రోజూ కొత్తగా తెచ్చుకోవాలి. ‘ఒక్క క్లిక్‌తో పది రెట్లు వేగం’ అని ఊరించే బూస్టర్లు, క్లీనర్ల జోలికి అసలు పోవద్దు. ఉన్న మెమరీలో అవీ వాటా అడుగుతాయి. రెండు యాంటీవైరస్‌లు పెట్టుకుని రెట్టింపు రక్షణ అనుకునేవాళ్లూ ఉన్నారు. అవి ఒకదాన్నొకటి కాపలా కాసుకుంటూ మీ పని ఆపేస్తాయి.

డబ్బాలో దుమ్ము, బోర్డు మీద బ్యాటరీ

మాస్టారి కంప్యూటర్‌కి మరో వింత జబ్బుంది. పొద్దున ఆన్ చేయగానే ఏ సైటూ తెరుచుకోదు, ‘మీ కనెక్షన్ సురక్షితం కాదు’ అంటుంది. తేదీ చూస్తే ఏళ్ల వెనక్కి పోయి ఉంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032 అని. అది అయిపోతే గడియారం గుర్తుండదు. సైట్ల భద్రతా పత్రాలకి గడువు తేదీలుంటాయి కాబట్టి, తేదీ తప్పితే బ్రౌజర్ వాటిని నమ్మదు. గడియారాల షాపులో దొరికే ఆ చిన్న బ్యాటరీ మార్చగానే బాగైపోయింది. ఎన్నాళ్లుగానో రోజూ పొద్దున్నే చేత్తో తేదీ సరిచేసుకుంటున్నారట పాపం.

మూత తీసినప్పుడు ఫ్యాను రెక్కల మీద వేలు మందాన దుమ్ము. వేడెక్కితే ప్రాసెసర్ తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మన ఎండాకాలంలో ఇది మామూలే. ప్లగ్ తీసేసి, ఫ్యాను తిరగకుండా పట్టుకుని, మెత్తని బ్రష్‌తో దులపాలి.

ఖర్చు పెట్టదలిస్తే ముందు ఎస్ఎస్‌డీ మీద పెట్టండి. పళ్లెం తిరగాల్సిన అవసరం లేని డిస్క్ ఇది. ర్యామ్ చాలక అటక ఎక్కాల్సి వచ్చినా, నిచ్చెన బదులు లిఫ్టు ఉన్నట్టు. రెండోది ర్యామ్. 4 జీబీని 8 చేయండి. పాత కంప్యూటర్లకి డీడీఆర్3 రకం పడుతుంది, కొత్త రకం కొనేస్తే స్లాటులో దూరదు. ఉన్న ముక్కని తీసుకెళ్లి షాపులో చూపించడం మేలు. మాస్టారికి ఎస్ఎస్‌డీ, ఎవరో వాడి తీసేసిన ర్యామ్ కలిపినా షాపతను చెప్పిన నలభై వేలలో పదో వంతు కాలేదు.

ఇప్పుడు అసలు చిక్కు. విండోస్ 7లో నడిచే చివరి క్రోమ్ 2023 జనవరిలో వచ్చిన 109వ వెర్షను. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి, పేరు నమోదు చేసుకున్నవాళ్లకి భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు దాకా. 2013 నాటి కంప్యూటర్‌కి విండోస్ 11 అర్హత లేదు. ఎంత వేగంగా నడిచినా, తాళం పాతబడిన ఇంట్లో బ్యాంకు లావాదేవీలు చేయడం నాకు నచ్చదు.

అందుకే కొత్త ఎస్ఎస్‌డీలో లినక్స్ మింట్ వేశాం, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం. ఉచితం, ఫైర్‌ఫాక్స్ దాంతోపాటే వస్తుంది. అంతా సాఫీగా సాగిందని చెప్పను. ప్రింటర్‌ని గుర్తుపట్టించడానికి ఓ పూటంతా పట్టింది. ట్యాలీ మీద పనిచేసేవాళ్లకి, అను ఫాంట్లతో డీటీపీ చేసుకునేవాళ్లకి ఇది సరిపడదు. పేపర్లు, బిల్లులు, పాటలు, వీడియోకాల్ చాలనుకునేవాళ్లకి చక్కగా సరిపోతుంది. పాత హార్డ్‌డిస్కుని పారేయలేదు. అబ్బాయి కాలేజీ ఫొటోలన్నీ అందులో ఉన్నాయి. వాటిని కాపీ చేశాకే దాన్ని అల్మరాలో పెట్టాం.

మొన్న సోమవారం మెట్ల దగ్గర మాస్టారు కనిపించారు. చేతిలో పాలప్యాకెట్లు. ‘‘నిన్న అబ్బాయి కాల్ చేశాడు బాబూ’’ అన్నారు. ‘‘ఇదివరకు వాడి మాట ముందొచ్చేది, మొహం తర్వాత కదిలేది. నిన్న రెండూ కలిసే వచ్చాయి. చిక్కిపోయినట్టున్నాడు, ఇన్నాళ్లూ తెలియలేదు.’’