'పెండింగ్' అనే అధికారి

పీజీ రెండో ఏడాదిలో నా స్కాలర్‌షిప్ దరఖాస్తు ఏడు నెలలు ఒకే మాట దగ్గర ఆగిపోయింది: 'పెండింగ్'. ఎవరి దగ్గర, ఎందుకు అన్నది స్క్రీన్ మీద లేదు. సంక్షేమ శాఖ ఆఫీసుకు వెళ్తే "సిస్టమ్‌లో కాలేజీ దగ్గరే చూపిస్తోంది" అన్నారు. కాలేజీలో అడిగితే "మేం ఎప్పుడో ఫార్వర్డ్ చేశాం" అన్నారు. చివరికి సీనియర్ ఒకరు మంత్రిని ట్యాగ్ చేస్తూ ట్విట్టర్‌లో ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు రాస్తే మూడో రోజుకల్లా మంజూరైంది. నాతోపాటే అప్లై చేసిన క్లాస్‌మేట్ దరఖాస్తు మాత్రం కదల్లేదు. ఆమె తరఫున ట్వీట్ చేసేవాళ్లు లేరు.

కంప్యూటర్ కులం అడగదని, దళారీ పోతాడని మనం ఆశపడ్డాం. ఆ ఆశలో నిజముంది. 1944లో మొదలైన ఎస్సీ పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో ఇప్పుడు కేంద్రం వాటా 60 శాతం నేరుగా విద్యార్థి ఖాతాలోకే రావాలి. డబ్బు దాటాల్సిన చేతులు తగ్గాయి. ఆపే అధికారం మాత్రం అలాగే ఉంది, పైగా ఇప్పుడు దానికి ముఖం లేదు. మా అన్నలు ఆఫీసరు టేబుల్ ముందు నిలబడి నిలదీశారు, గేటు ముందు ధర్నా చేశారు. మేం ఎవరిని నిలదీయాలి?

ట్వీట్‌కు కదిలిన ఫైలును చూసి చప్పట్లు కొట్టేవాళ్లున్నారు. నాకైతే అది పాత సిఫారసు ఉత్తరమే. ఇంగ్లిష్, ఫాలోవర్లు ఉన్నవాడికి అందేది దయే తప్ప హక్కు కాదు. ఆ దయ నాకూ అందింది కాబట్టే ఈ మాట అంటున్నాను.

రాజ్యాంగాన్ని ముట్టుకోకుండానే, పాలనా రూపాన్ని మార్చి దాని స్ఫూర్తిని దెబ్బతీయవచ్చని బాబాసాహెబ్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. పోర్టల్ కూడా పాలనా రూపమే. దాన్ని ఐటీ వ్యవహారమని వదిలేస్తే నష్టపోయేది మనమే.

చట్టం మన పక్షానే ఉంది. తన నిర్ణయానికి కారణాలను బాధితులకు చెప్పాలని 2005 సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ ప్రతి ప్రభుత్వ కార్యాలయాన్నీ ఆదేశిస్తోంది. 'పెండింగ్' కారణం కాదు. దాని పక్కన ఏ హోదా అధికారి దగ్గర ఆగిందో, ఎందుకు ఆగిందో, ఏ తేదీలోగా తేలుతుందో తెలుగులో కనిపించాలి. విద్యార్థి సంఘాలు ఈసారి బకాయిలతోపాటు ఈ మూడు వివరాలనూ డిమాండ్ల పత్రంలో రాయాలి.